శిశువు పొట్ట గోడలో పుట్టుకతో వచ్చే అరుదైన లోపాలు: నిర్ధారణ, శస్త్రచికిత్సపై తరచుగా అడిగే ప్రశ్నలు

గర్భిణికి చేసిన స్కాన్‌లో శిశువు పేగులు పొట్ట బయట కనిపిస్తున్నాయని తెలుసుకున్న కుటుంబాలు, అలాంటి శిశువుకు అనుకోకుండా కాన్పు చేయాల్సి వచ్చిన చిన్న ఆస్పత్రుల సిబ్బంది ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఉన్నాయి. ఇవి మీ వైద్యుల సలహాకు ప్రత్యామ్నాయం కావు. వారితో మాట్లాడేటప్పుడు ఏం అడగాలో, వారు చెప్పిన దాంట్లో దేనికి ప్రాధాన్యం ఇవ్వాలో తెలియడానికి ఉపయోగపడతాయి.

పొట్ట గోడ లోపం అంటే ఏమిటి? అవి ఎన్ని రకాలు?

తల్లి కడుపులో శిశువు రూపుదిద్దుకునే తొలి వారాల్లో పైనుంచి, కిందినుంచి, రెండు పక్కల నుంచి పెరిగి వచ్చిన మడతలు బొడ్డు దగ్గర కలుసుకోవడంతో పొట్ట ముందుభాగం మూసుకుంటుంది. ఈ క్రమంలో ఎక్కడ తేడా వచ్చినా అక్కడ ఖాళీ మిగిలి, లోపల ఉండవలసిన అవయవాలు బయటికి వస్తాయి. వీటిలో ఎక్కువగా కనిపించేవి గాస్ట్రోస్కైసిస్, ఆంఫలోసీల్. రెండో దాన్ని కొందరు వైద్యులు ఎగ్జాంఫలోస్ అని కూడా రాస్తారు. ఒక్కొక్కటి కొన్ని వేల కాన్పుల్లో ఒకరికి వస్తుంది. మూత్రాశయం తెరుచుకుని పొట్టపై కనిపించే బ్లాడర్ ఎక్స్‌ట్రోఫీ వీటికంటే చాలా అరుదు. సుమారు 30,000 నుంచి 50,000 కాన్పుల్లో ఒకరికి మాత్రమే కనిపిస్తుంది.

గాస్ట్రోస్కైసిస్‌కూ ఆంఫలోసీల్‌కూ తేడా ఏమిటి? ఆ తేడా తెలియడం ఎందుకంత అవసరం?

గాస్ట్రోస్కైసిస్‌లో బొడ్డుతాడు తన చోటులోనే ఉంటుంది. దానికి పక్కన, దాదాపు ఎప్పుడూ కుడివైపునే, రెండు నుంచి నాలుగు సెంటీమీటర్ల రంధ్రం ఉండి, అందులోంచి పేగులు బయటికి వస్తాయి. వాటిపై ఎలాంటి పొరా ఉండదు. నెలల తరబడి ఉమ్మనీటిలో తేలుతూ ఉండటం వల్ల ఆ పేగులు ఉబ్బి, మందంగా మారి, ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి.

ఆంఫలోసీల్‌లో రంధ్రం సరిగ్గా బొడ్డు దగ్గరే ఉంటుంది. బయటికి వచ్చిన అవయవాలను పలుచని పొరలతో ఏర్పడిన ఒక సంచి కప్పి ఉంచుతుంది, బొడ్డుతాడు ఆ సంచి మీదే అతుక్కుని ఉంటుంది. చిన్నదైతే అందులో పేగులు మాత్రమే ఉంటాయి. పెద్దదైతే కాలేయం కూడా బయటికి వస్తుంది.

చూడటానికి రెండూ ఒకేలా భయపెట్టినా వీటి వెనుక ఉన్న ప్రమాదాలు వేరు. గాస్ట్రోస్కైసిస్ ఉన్న శిశువుకు సాధారణంగా మిగతా అవయవాలు బాగానే ఉంటాయి, క్రోమోజోముల లోపాలు అరుదు. సమస్యంతా పేగులదే. సుమారు పది మందిలో ఒకరికి పేగు మధ్యలో మూసుకుపోయి ఉంటుంది. ఆంఫలోసీల్‌లో పేగులు సంచి రక్షణలో ఉంటాయి కాబట్టి అవి ఆరోగ్యంగానే ఉంటాయి, కానీ గుండె లోపాలు, ట్రైసోమీ 13, 18 (ఆ సంఖ్య గల క్రోమోజోము ఒకటి అదనంగా ఉండటం) వంటి క్రోమోజోముల లోపాలు, ఊపిరితిత్తులు సరిగా పెరగకపోవడం ఎక్కువగా కనిపిస్తాయి. అందుకే మొదటి దాంట్లో తొందర పేగులను కాపాడటానికి, రెండో దాంట్లో తొందర శిశువును ఆసాంతం పరీక్షించడానికి. స్కాన్ చేసిన వైద్యులను కుటుంబం అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే: సంచి ఉందా, లేదా?

ఇవి ఎందుకు వస్తాయి? గర్భంతో ఉన్నప్పుడు తల్లి చేసిన పనే కారణమా?

కాదు. ఈ మాట తల్లికి మాత్రమే కాకుండా, ఆమె చుట్టూ ఉన్న పెద్దలందరికీ చెప్పవలసినది. ఈ లోపాలు గర్భం దాల్చిన తొలి వారాల్లోనే, చాలాసార్లు ఆ సంగతి పూర్తిగా తెలిసేలోపే మొదలవుతాయి. గ్రహణం నాడు బయటికి రావడం, కత్తిపీట పట్టడం, బరువు ఎత్తడం, ఫలానాది తినడం వీటికి కారణం కావు. పురిటి గదిలోనే కోడలిపై నింద మొదలైతే, రాబోయే వారాల్లో శిశువుకు అత్యవసరమైన తల్లిపాలు, తల్లి ఓపిక రెండూ దెబ్బతింటాయి.

ఇరవై ఏళ్లలోపు వయసున్న తల్లుల బిడ్డల్లో గాస్ట్రోస్కైసిస్ ఎక్కువగా కనిపిస్తుందని ప్రపంచవ్యాప్తంగా గమనించారు. గర్భిణి పొగతాగడం కూడా ఒక ముప్పుగా తేలింది. మేనరికాల వల్ల కొన్ని జన్యు వ్యాధులు పెరుగుతాయన్నది నిజమే గాని, గాస్ట్రోస్కైసిస్‌కు అదే కారణమని చెప్పడానికి ఆధారం లేదు. ఆంఫలోసీల్ కొన్నిసార్లు బెక్‌విత్ వీడమన్ సిండ్రోమ్ అనే జన్యు స్థితిలో భాగంగా వస్తుంది.

స్కాన్‌లో ఎన్నో నెలలో తెలుస్తుంది?

చాలావరకు 18 నుంచి 20 వారాల మధ్య చేసే టిఫా స్కాన్‌లో తెలుస్తుంది. అనుభవజ్ఞులు 11 నుంచి 14 వారాల మధ్య చేసే ఎన్‌టీ స్కాన్‌లోనే గుర్తించగలరు. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ప్రతి శిశువుకూ ఎనిమిదో వారం ప్రాంతంలో పేగులు బొడ్డుతాడులోకి జరిగి, అక్కడ పెరిగి, పన్నెండో వారానికల్లా తిరిగి పొట్టలోకి చేరతాయి. అది సహజమైన ఎదుగుదల. కాబట్టి పన్నెండు వారాలు నిండకముందే బొడ్డుతాడులో పేగులు కనిపించాయని ఎవరైనా చెబితే కంగారుపడకుండా రెండు మూడు వారాల తర్వాత మళ్లీ చూపించుకోవాలి. కాలేయం బయట ఉండటం మాత్రం ఏ వారంలోనైనా సహజం కాదు.

తల్లి రక్తంలో ఆల్ఫా ఫీటోప్రోటీన్ (శిశువు నుంచి వచ్చే ఒక ప్రోటీన్) ఎక్కువగా ఉండటం కూడా ఒక సూచన. పేగులు ఉమ్మనీటిలో నేరుగా తేలే గాస్ట్రోస్కైసిస్‌లో అది బాగా పెరుగుతుంది. బ్లాడర్ ఎక్స్‌ట్రోఫీని పట్టుకోవడం ఇంకా కష్టం. కిడ్నీలు మామూలుగా ఉండి, ఉమ్మనీరు సరిపడా ఉండి, ఎన్నిసార్లు చూసినా మూత్రాశయం మాత్రం కనిపించకపోతే దాన్ని అనుమానించాలి.

టిఫా రిపోర్టులో లోపం ఉందని రాశారు. తర్వాత ఏ పరీక్షలు చేయించాలి?

ముందుగా ఫీటల్ మెడిసిన్ (గర్భస్థ శిశువు వైద్య) నిపుణులతో మరోసారి స్కాన్ చేయించుకోవాలి. బొడ్డుతాడు ఎక్కడ అతుక్కుని ఉంది, సంచి ఉందా, కాలేయం ఏ వైపు ఉంది, వెన్నెముక, కిడ్నీలు, కాళ్లు చేతులు ఎలా ఉన్నాయి అన్నవి వారు వివరంగా చూస్తారు. ఆంఫలోసీల్ అయితే శిశువు గుండెకు ప్రత్యేకంగా ఫీటల్ ఎకో, ఉమ్మనీటి పరీక్షతో క్రోమోజోముల విశ్లేషణ తప్పనిసరిగా చేయించుకోవాలని మేము సూచిస్తాం. పేగులు మాత్రమే ఉన్న చిన్న ఆంఫలోసీల్ కనబడినంత చిన్న విషయం కాకపోవచ్చు, ఎందుకంటే కాలేయం బయటికి వచ్చిన వాటికంటే ఇలాంటి వాటిలోనే క్రోమోజోముల లోపాలు ఎక్కువగా ఉంటాయి.

గాస్ట్రోస్కైసిస్‌లో ఉమ్మనీటి పరీక్ష సాధారణంగా అవసరం ఉండదు. దానికి బదులు శిశువు ఎదుగుదలను, పేగుల వెడల్పును, ఉమ్మనీటి పరిమాణాన్ని తరచుగా గమనించాలి. ఈ శిశువులు బరువు తక్కువగా ఉంటారు. చివరి వారాల్లో కడుపులోనే మరణించే ముప్పు మిగతా శిశువులకంటే ఎక్కువ కాబట్టి ఎనిమిదో నెల నుంచి పర్యవేక్షణను పెంచుతారు.

ఈ దశలోనే పిల్లల శస్త్రచికిత్స నిపుణులను ఒకసారి కలవండి. పుట్టిన తర్వాత ఏం జరుగుతుందో ఆపరేషన్ చేసేవారి నోట ముందే విన్న తల్లిదండ్రులు, ఆ రోజు వచ్చినప్పుడు స్థిమితంగా ఉండగలుగుతారు.

గర్భం కొనసాగించాలా, వద్దా?

ఆ నిర్ణయం దంపతులదే. వేరే లోపాలేవీ లేని గాస్ట్రోస్కైసిస్, చిన్న ఆంఫలోసీల్ సరైన చోట వైద్యం అందితే బాగుచేయదగినవే. ట్రైసోమీ 13 లేదా 18, తీవ్రమైన గుండె లోపం తోడైతే పరిస్థితి పూర్తిగా వేరు. 2021లో సవరించిన గర్భస్రావ చట్టం ప్రకారం, శిశువుకు తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు నిర్ధారిస్తే 24 వారాలు దాటిన తర్వాత కూడా గర్భాన్ని తొలగించుకోవడానికి అవకాశం ఉంది. గర్భం తొలగించమని గానీ, ఉంచుకోమని గానీ వైద్యులు ఒత్తిడి చేయకూడదు. లోపం పేరు వినగానే, ఏ రకమో తేలకముందే తీసుకున్న నిర్ణయాలు అత్యంత బాధాకరమైనవి. కాబట్టి పరీక్షల ఫలితాలు చేతికి వచ్చేవరకు ఆగండి.

కాన్పు ఎక్కడ చేయించాలి? సిజేరియన్ అవసరమా?

ఎక్కడ అన్నదే ఎలా అన్నదానికంటే ముఖ్యమైన ప్రశ్న. నవజాత శిశువులకు శస్త్రచికిత్స చేసే విభాగం, ఎన్ఐసీయూ (నవజాత శిశువుల ఐసీయూ), కాన్పు గది ఒకే ప్రాంగణంలో లేదా నిమిషాల దూరంలో ఉన్న ఆస్పత్రిని ఎంచుకోవాలి. హైదరాబాద్‌లోని నిలోఫర్, విశాఖపట్నంలోని కింగ్ జార్జ్ వంటి పెద్ద ప్రభుత్వ ఆస్పత్రుల్లో పిల్లల శస్త్రచికిత్స విభాగాలు ఉన్నాయి. నగరాల్లోని కొన్ని ప్రైవేటు ఆస్పత్రుల్లో కూడా ఈ సౌకర్యం ఉంది. తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లడం మన ఆనవాయితీ. ఈ కాన్పుకు మాత్రం పుట్టినిల్లు ఏ ఊళ్లో ఉందన్నది పక్కనపెట్టి, నెలలు నిండడానికి రెండు మూడు వారాల ముందే ఆ నగరంలో బంధువుల ఇంట్లోనో, ఆస్పత్రికి దగ్గర్లో అద్దె గదిలోనో ఉండేలా ఏర్పాటు చేసుకోవాలి. పుట్టిన శిశువును అంబులెన్సులో వందల కిలోమీటర్లు తరలించడం కంటే తల్లి కడుపులో ఉండగానే తరలించడం ఎంతో క్షేమం.

గాస్ట్రోస్కైసిస్ ఉన్నంత మాత్రాన సిజేరియన్ చేయనవసరం లేదు. సహజ కాన్పు వల్ల పేగులకు హాని జరుగుతుందన్న భయానికి ఆధారం లేదు. కాలేయం బయట ఉన్న పెద్ద ఆంఫలోసీల్ అయితే సంచి పగలకుండా, కాలేయం చిట్లకుండా సిజేరియన్ చేయడం సాధారణం. గాస్ట్రోస్కైసిస్‌కు చాలా కేంద్రాలు 37 వారాల ప్రాంతంలో కాన్పు జరిగేలా చూస్తాయి. పేగులను కాపాడాలని కారణం లేకుండా 34, 35 వారాలకే కాన్పు చేస్తే నెలలు నిండకపోవడం వల్ల వచ్చే ఇబ్బందులు వీటికి తోడవుతాయి.

స్కాన్‌లో తెలియలేదు. మా ఊరి ఆస్పత్రిలోనే అలాంటి శిశువు పుట్టాడు. వెంటనే ఏం చేయాలి?

ఈ జవాబును కాన్పులు చేసే ప్రతి ఒక్కరూ చదవాలని మా కోరిక. గాస్ట్రోస్కైసిస్ ఉన్న శిశువు బతుకు చాలావరకు ఆపరేషన్ బల్ల మీద కంటే అంతకుముందు గడిచిన గంటల్లోనే తేలిపోతుంది. బయట ఉన్న పేగుల నుంచి వేడి, నీరు రెండూ వేగంగా పోతాయి. చల్లబడిపోయి, నీరు ఇంకిపోయి, ఇన్ఫెక్షన్‌తో వచ్చిన శిశువుకు ఎంత నిపుణులైన సర్జన్ అయినా చేయగలిగింది తక్కువ.

బొడ్డుతాడును పొట్టకు దూరంగా, బాగా పొడవు వదిలి కట్టాలి. మొదలు దగ్గర లావుగా ఉన్న బొడ్డుతాడులో ఒక పేగు చుట్ట ఉండవచ్చు. దగ్గరగా క్లాంప్ వేస్తే ఆ పేగు నలిగిపోతుంది. పొడవుగా వదిలిన తాడు తర్వాత రంధ్రాన్ని కప్పడానికి కూడా ఉపయోగపడుతుంది. స్టెరైల్ గ్లవ్స్ వేసుకుని శిశువును తుడిచి, చంకల కింద నుంచి కాళ్ల వరకు శరీరాన్ని పేగులతో సహా శుభ్రమైన పారదర్శక ప్లాస్టిక్ సంచిలో ఉంచాలి. అది వేడినీ నీటినీ బయటికి పోనివ్వదు, పేగుల రంగు కూడా కనిపిస్తూ ఉంటుంది. సంచి లేకపోతే గోరువెచ్చని సెలైన్‌లో తడిపిన గాజ్ గుడ్డను (గాయాలకు కట్టే పలుచని గుడ్డ) పేగులపై పరిచి, దానిపై ప్లాస్టిక్ షీటు చుట్టాలి. తడి గుడ్డ ఒక్కటే కప్పి వదిలేస్తే అది ఆరుతూ శిశువును చల్లబరుస్తుంది.

శిశువును కుడివైపుకు తిప్పి పడుకోబెట్టి, పేగులు ఒక పక్కకు వేలాడకుండా ఆసరా ఇవ్వాలి. వేలాడితే వాటి రక్తనాళాలు మెలిపడతాయి. నోటి నుంచి గానీ ముక్కు నుంచి గానీ కడుపులోకి గొట్టం వేసి తెరిచి ఉంచాలి. చేతికి సెలైన్ లైను పెట్టి ద్రవాలు, యాంటీబయాటిక్, విటమిన్ కె ఇవ్వాలి, రక్తంలో చక్కెర చూడాలి. బొడ్డు రక్తనాళంలో లైను పెట్టకూడదు. నోటికి ఏమీ ఇవ్వకూడదు. తేనె, పంచదార నీళ్లు, ఆముదం నాలుకకు రాయడం కూడా వద్దు. పేగులను లోపలికి నెట్టే ప్రయత్నం చేయకూడదు. పసుపు, పౌడర్ వంటివి ఏవీ చల్లకూడదు.

ఇవన్నీ చేస్తూనే శిశు శస్త్రచికిత్స విభాగానికి ఫోన్ చేసి, వారు సిద్ధంగా ఉన్నామన్నాక 108 వాహనంలో పంపాలి. దారిలో పేగులు నల్లబడుతున్నట్టు అనిపిస్తే మెలిక ఏమైనా పడిందేమో చూసి, శిశువు పడుకున్న తీరును సరిచేయాలి. తల్లి వెంటనే కదలలేని స్థితిలో ఉంటే ఎవరైనా ఒక పెద్దవారు శిశువుతో వెళ్లాలి. ఆపరేషన్‌కు సమ్మతి పత్రంపై సంతకం చేయగల తండ్రి అయితే మంచిది.

గాస్ట్రోస్కైసిస్‌కు శస్త్రచికిత్స ఎలా చేస్తారు?

పొట్టలో చోటు సరిపోతే, పేగులు మరీ ఉబ్బి లేకపోతే, మొదటి రోజునే అన్నిటినీ లోపలికి చేర్చి మూసేస్తారు. చాలామంది శిశువులకు అలా కుదరదు. నెలల తరబడి పేగులు బయటే ఉండటంతో పొట్ట లోపలి చోటు పెరగదు. అప్పుడు సైలో అనే సంచిని వాడతారు. దీన్ని అమెరికన్ సర్జన్ షూస్టర్ 1967లో ప్రవేశపెట్టారు. నేడు వాడే సిలికాన్ సైలో నోటి దగ్గర స్ప్రింగ్ ఉన్న వలయం ఉంటుంది. దాన్ని నొక్కి రంధ్రంలోంచి పొట్ట గోడ కిందికి పంపితే విచ్చుకుని నిలబడుతుంది, కుట్లు అక్కరలేదు. పేగులున్న సంచిని, శిశువును వెచ్చగా ఉంచే వార్మర్‌కు నిటారుగా వేలాడదీస్తారు. రోజుకు ఒకటి రెండుసార్లు పైనుంచి కొద్దికొద్దిగా బిగిస్తూ, పేగుల బరువుకు అవే లోపలికి జారేలా చేస్తారు. కొద్ది రోజుల నుంచి వారం, ఒక్కోసారి అంతకంటే కొంచెం ఎక్కువ కాలంలో అవి పూర్తిగా లోపలికి చేరతాయి. ఈ పని చాలావరకు మత్తు ఇవ్వకుండా ఎన్ఐసీయూలో మంచం పక్కనే జరుగుతుంది. సంచిలో పేగుల రంగు గులాబీగా ఉండాలి. నీలంగా, నల్లగా మారితే సర్జన్ వెంటనే చూడాలి.

సిలికాన్ సైలో ఖరీదైనది, అన్నిచోట్లా దొరకదు. అది లేనప్పుడు స్టెరైల్ సెలైన్ బ్యాగును గానీ యూరిన్ బ్యాగును గానీ కత్తిరించి, పొట్ట గోడకు కుట్టి సైలోగా వాడటం మన దేశంలోని సర్జన్లకు అలవాటైన పద్ధతే. మీ శిశువుకు అలా చేశారంటే తక్కువ వైద్యం చేశారని అనుకోనవసరం లేదు.

పేగులు లోపలికి చేరాక రంధ్రాన్ని కుట్లతో మూస్తారు. మరో పద్ధతిలో, పొడవుగా వదిలిన బొడ్డుతాడునే మడిచి రంధ్రంపై కప్పి, పైన పారదర్శకమైన డ్రెస్సింగ్ అతికిస్తారు. కుట్లు లేకుండానే అది మెల్లగా మూసుకుంటుంది, బొడ్డు కూడా సహజంగా కనిపిస్తుంది. ఈ పద్ధతిలో తర్వాత బొడ్డు దగ్గర చిన్న హెర్నియా మిగలవచ్చు, చాలావరకు అదీ దానంతటదే తగ్గుతుంది.

పేగు మధ్యలో మూసుకుపోయి ఉంటే మొదటి ఆపరేషన్‌లోనే దాన్ని కలపడానికి సాధారణంగా తొందరపడరు. ఉబ్బిన పేగుపై వేసిన కుట్లు నిలవవు. పేగులను లోపలికి చేర్చి, వాపు తగ్గేదాకా నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి మళ్లీ ఆపరేషన్ చేస్తారు. పేగుకు రంధ్రం పడి ఉంటే, కొంత భాగం కుళ్లి ఉంటే ఆ రోజే ఏం చేయాలో సర్జన్ అక్కడికక్కడ నిర్ణయించాలి.

ఒకేసారి లోపల పెట్టేస్తే త్వరగా అయిపోతుంది కదా? రోజుల తరబడి బయట ఎందుకు ఉంచుతున్నారు?

చాలని చోటులో పేగులను బలవంతంగా ఇరికిస్తే పొట్ట లోపలి ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడి ఉదర వితానాన్ని (ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండరం, డయాఫ్రమ్) పైకి నెట్టి ఊపిరిని అడ్డుకుంటుంది, కిడ్నీలకు వెళ్లే రక్తాన్ని తగ్గించి మూత్రాన్ని ఆపుతుంది, చివరకు పేగులకే రక్తం అందకుండా చేస్తుంది. అందుకే మూసేటప్పుడు వెంటిలేటర్‌పై ఒత్తిడి ఎంత పెరిగిందో, మూత్రం వస్తోందో లేదో, కాళ్లు నీలంగా మారుతున్నాయో గమనిస్తారు. మూత్రాశయంలో పెట్టిన గొట్టం ద్వారా పొట్ట ఒత్తిడిని కొలిచే వీలు కూడా ఉంది. అది 20 మిల్లీమీటర్ల మెర్క్యురీ దాటితే కుట్లు విప్పి మళ్లీ సైలో పెట్టడమే మంచిదని చాలామంది సర్జన్ల అభిప్రాయం. కుటుంబానికి ఇది వెనకడుగుగా కనిపిస్తుంది గాని, ఆ సమయంలో శిశువును కాపాడేది అదే.

పాలు ఎప్పుడు తాగుతాడు?

తల్లిదండ్రుల ఓపికకు అసలైన పరీక్ష ఇక్కడే. ఆపరేషన్ బాగా జరిగినా, ఉబ్బిన పేగులు కదలడం మొదలుపెట్టడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. కొందరికి ఇంకా ఎక్కువ. అంతవరకు పోషకాలన్నీ రక్తనాళంలోకే ఇచ్చే టీపీఎన్‌పై శిశువు ఆధారపడతాడు. అది ప్రాణం నిలిపే వైద్యమే అయినా, ఎక్కువ కాలం ఇస్తే కాలేయం దెబ్బతినడం, లైను నుంచి ఇన్ఫెక్షన్ రావడం వంటి ప్రమాదాలున్నాయి. కాబట్టి కడుపు గొట్టంలోంచి వచ్చే పసరు తగ్గి, విరేచనం మొదలవగానే చుక్కచుక్కగా పాలు ప్రారంభిస్తారు.

ఆ పాలు తల్లివే కావాలి. ఫార్ములా పాల కంటే తల్లిపాలు ఈ పేగులకు బాగా ఒంటబడతాయి, పేగులు కుళ్లిపోయే ఎన్ఈసీ వ్యాధి ముప్పును తగ్గిస్తాయి. శిశువు ఇంకా తాగకపోయినా, కాన్పు అయిన రోజు నుంచే తల్లి రెండు మూడు గంటలకోసారి, రాత్రి కూడా, పాలు పిండుతూ ఉండాలి. ముర్రుపాలను పారబోయకూడదు. శిశువు పెదవుల లోపల ఒకటి రెండు చుక్కలు రాయవచ్చేమో నర్సును అడగండి. తల్లికి పాలు రానప్పుడు దాతల పాలు ఉపయోగపడతాయి. నిలోఫర్ ఆస్పత్రిలో ధాత్రి పేరుతో తల్లిపాల బ్యాంకు ఉంది.

పెద్ద ఆంఫలోసీల్ ఉంది. వెంటనే ఆపరేషన్ చేయబోమంటున్నారు. ఎందుకు ఆలస్యం చేస్తున్నారు?

చిన్న ఆంఫలోసీల్ అయితే మొదటి రోజుల్లోనే సంచిని తీసివేసి పొట్టను మూసేస్తారు. రంధ్రం అయిదు సెంటీమీటర్లు దాటి కాలేయం చాలావరకు బయటే ఉన్నప్పుడు మాత్రం తొందరపడితే ప్రాణాపాయం. కాలేయాన్ని ఒక్కసారిగా లోపలికి నెడితే గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిర మెలిపడుతుంది. ఈ శిశువుల ఊపిరితిత్తులు కూడా చిన్నవిగా ఉంటాయి కాబట్టి ఒత్తిడిని తట్టుకోలేరు.

సంచి పగలకుండా ఉన్నంతకాలం అదే శిశువుకు రక్షణ. దానిపై సిల్వర్ సల్ఫాడయజైన్ వంటి మందు పూస్తూ, డ్రెస్సింగ్ చుడుతూ ఉంటే పొర గట్టిపడి, అంచుల నుంచి చర్మం పెరుగుతూ వచ్చి వారాలు, నెలల్లో దాన్ని కప్పేస్తుంది. శిశువు పాలు తాగుతూ, బరువు పెరుగుతూ ఇంట్లోనే ఉండవచ్చు. మిగిలిన పెద్ద హెర్నియాను తర్వాత, సాధారణంగా ఏడాది నిండాక, ఊపిరితిత్తుల స్థితిని బట్టి మూస్తారు. పొవిడోన్ అయోడిన్ పూస్తున్నట్లయితే అయోడిన్ శరీరంలోకి చేరి థైరాయిడ్‌ను మందగింపజేయవచ్చు, కాబట్టి టీఎస్‌హెచ్ పరీక్ష అడిగి చేయించుకోండి. ఒకప్పుడు వాడిన మెర్క్యురోక్రోమ్‌లో పాదరసం ఉంటుంది. ఎవరైనా ఇస్తే పూయకండి. సంచి పగిలితే అది గాస్ట్రోస్కైసిస్ అంతటి అత్యవసరం.

ఆంఫలోసీల్‌తో పాటు శిశువు నాలుక పెద్దగా ఉండి, ఒళ్లు భారీగా ఉంటే బెక్‌విత్ వీడమన్ సిండ్రోమ్‌ను అనుమానించి మొదటి గంటల నుంచే రక్తంలో చక్కెరను మళ్లీ మళ్లీ చూడాలి. అది ప్రమాదకరంగా పడిపోతుంది. ఈ పిల్లల్లో కిడ్నీ, కాలేయ కణితుల ముప్పు ఎక్కువ కాబట్టి చిన్నతనమంతా మూడు నెలలకోసారి పొట్ట స్కాన్ చేస్తారు.

మూత్రాశయం బయట ఉన్న శిశువుకు ఏం చేస్తారు?

పుట్టగానే బొడ్డుతాడుకు ప్లాస్టిక్ క్లాంప్ తీసేసి దారంతో కట్టాలి. క్లాంప్ అంచు సున్నితమైన మూత్రాశయపు పొరను ఒరుసుకుంటుంది. పొడి గాజ్ గుడ్డ పెట్టకూడదు, అది అంటుకుంటుంది. సెలైన్‌తో తడిపి పలుచని ప్లాస్టిక్ పొర కప్పాలి. ఈ శిశువుల కిడ్నీలు సాధారణంగా బాగానే ఉంటాయి, పేగులు బయట ఉండవు, కాబట్టి నిపుణుల దగ్గరికి తీసుకెళ్లడానికి వ్యవధి ఉంటుంది.

ఆ వ్యవధిని సద్వినియోగం చేసుకోవడం ముఖ్యం. మొదటి మూసివేత విఫలమైతే మూత్రాశయం సరిగా పెరగదు, పెద్దయ్యాక మూత్రంపై అదుపు వచ్చే అవకాశం తగ్గుతుంది. అందువల్ల దగ్గర్లో ఉన్నారని కాకుండా, ఈ ఆపరేషన్లు తరచుగా చేసే బృందాన్ని వెతుక్కోవాలి. ఈ లోపంలో కటి ముందు ఎముకలు విడిపోయి ఉంటాయి. మూత్రాశయాన్ని లోపలికి చేర్చి వాటిని దగ్గరికి తేవడానికి ఎముకలను కోయవలసి రావచ్చు, ఆ తర్వాత కొన్ని వారాలు కాళ్లు కట్టి ఉంచుతారు. జననాంగాన్ని సరిచేయడం, మూత్రంపై అదుపు తేవడం తర్వాతి ఏళ్లలో జరిగే వేరే ఆపరేషన్లు.

ఇంకా అరుదైన లోపాలు ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి. ఆంఫలోసీల్‌తో పాటు రొమ్ము ఎముక కిందిభాగం, ఉదర వితానం, గుండె పొర, గుండె కూడా లోపంతో ఉంటే దాన్ని కాంట్రెల్ పెంటాలజీ అంటారు. దీన్ని 1958లో వర్ణించారు. మూత్రాశయంతో పాటు పేగు కూడా తెరుచుకుని, మలద్వారం లేకుండా, వెన్నెముక లోపంతో పుట్టేదాన్ని క్లోయకల్ ఎక్స్‌ట్రోఫీ అంటారు. ప్రూన్ బెల్లీ సిండ్రోమ్‌లో రంధ్రం ఉండదు గాని పొట్ట కండరాలు లేక చర్మం ముడతలు పడి ఉంటుంది, మూత్రనాళాలు బాగా ఉబ్బి ఉంటాయి, వృషణాలు కిందికి దిగవు. ఇది దాదాపు మగశిశువుల్లోనే కనిపిస్తుంది. వీటిలో ఏదైనా ఒక్క సర్జన్‌తో అయ్యేది కాదు, పలు విభాగాల వైద్యులు కలిసి పనిచేయాలి.

మా పాపకు ఏడ్చినప్పుడు బొడ్డు ఉబ్బుతోంది. ఇది కూడా అలాంటిదేనా?

కాదు. చర్మంతో కప్పి ఉండి, నొక్కితే లోపలికి పోయే ఉబ్బు బొడ్డు హెర్నియా. చాలామంది పిల్లల్లో నాలుగైదేళ్లలోపు దానంతటదే తగ్గిపోతుంది. రూపాయి బిళ్ల పెట్టి గుడ్డ కట్టడం వల్ల ప్రయోజనం లేదు, చర్మం పుండవుతుంది. ఉబ్బు గట్టిపడి, పాప ఏడుపు ఆపకుండా వాంతులు చేసుకుంటే మాత్రం వెంటనే చూపించాలి. బొడ్డు నుంచి మలం లేదా మూత్రం కారడం వేరే సమస్య, దాన్ని కూడా సర్జన్‌కు చూపించాలి.

బతికే అవకాశం ఎంత?

2021లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక ప్రపంచవ్యాప్త అధ్యయనం ప్రకారం గాస్ట్రోస్కైసిస్‌తో పుట్టిన శిశువుల్లో మరణాలు సంపన్న దేశాల్లో ఒకటిన్నర శాతంలోపు, మధ్యాదాయ దేశాల్లో దాదాపు 32 శాతం, పేద దేశాల్లో 90 శాతం. పేగులు అవే, లోపం అదే. తేడా అంతా ముందుగా గుర్తించడంలో, కాన్పు జరిగిన చోటులో, వెచ్చదనంలో, టీపీఎన్‌లో, నర్సుల సంఖ్యలో ఉంది. కాబట్టి ఇంటర్నెట్‌లో కనిపించే ఒక శాతాన్ని మీ శిశువుకు అన్వయించుకోవద్దు. మీరు ఎంచుకున్న కేంద్రంలో ఫలితాలు ఎలా ఉన్నాయో నేరుగా అడగండి. ఆంఫలోసీల్‌లో ఫలితం రంధ్రం కంటే దానితో పాటు ఉన్న గుండె, క్రోమోజోముల, ఊపిరితిత్తుల లోపాలపై ఆధారపడి ఉంటుంది.

ఖర్చు ఎలా?

నవజాత శిశువులకు చేసే పలు శస్త్రచికిత్సలు తెలంగాణలోని రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లోని డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పథకాల పరిధిలో ఉన్నాయి. శిశువుకు ఇంకా పేరు, ఆధార్ లేకపోయినా తల్లిదండ్రుల కార్డుతో ఏ విధంగా నమోదు చేయాలో కాన్పుకు ముందే ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను (ఈ పథకాల సహాయక సిబ్బంది) అడిగి తెలుసుకోండి. ఎన్ఐసీయూలో ఉండే వారాలు, టీపీఎన్ ఖర్చు ప్యాకేజీలో ఎంతవరకు వస్తాయో ప్రత్యేకంగా అడగాలి. పుట్టుకతో వచ్చే లోపాలను గుర్తించి పై ఆస్పత్రులకు పంపే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి నడుస్తోంది. మీ ఊరి ఆశా కార్యకర్త, ఏఎన్ఎం ద్వారా దాని సహాయం పొందవచ్చు.

తర్వాతి కాన్పులో మళ్లీ వస్తుందా?

గాస్ట్రోస్కైసిస్ మళ్లీ రావడం అరుదు. ఆంఫలోసీల్ విషయంలో మొదటి శిశువు క్రోమోజోముల ఫలితమే జవాబు చెబుతుంది, అందుకే ఆ పరీక్ష చేయించకుండా వదిలేయకూడదు. జన్యు కారణం ఉందని తేలితే జెనెటిక్ కౌన్సెలర్‌ను కలవండి. తర్వాతి గర్భంలో ఎన్‌టీ స్కాన్‌ను అనుభవజ్ఞుల దగ్గర చేయించుకోండి.

ఇంటికి వెళ్లాక ఏం గమనించాలి?

ఆకుపచ్చని వాంతి అయితే రాత్రయినా, పండగయినా తెల్లవారేదాకా ఆగకూడదు. ఈ శిశువులందరి పేగులు పొట్టలో మామూలు అమరికలో ఉండవు, పైగా ఆపరేషన్ తర్వాత అతుకులు ఏర్పడతాయి. కాబట్టి పేగు మెలిపడటం, మూసుకుపోవడం ఏళ్ల తర్వాత కూడా జరగవచ్చు. పొట్ట ఉబ్బడం, విరేచనం ఆగిపోవడం, బరువు పెరగకపోవడం కూడా చూపించవలసిన లక్షణాలు. మగశిశువుల్లో వృషణాలు సంచిలోకి దిగాయో లేదో ఆరు నెలల వయసులో తప్పక చూపించాలి, ఎందుకంటే ఈ పిల్లల్లో అవి దిగకపోవడం ఎక్కువ. పెద్ద ఆంఫలోసీల్ ఉన్న పిల్లలకు జలుబు, దగ్గు త్వరగా ఊపిరితిత్తులకు పాకుతాయి కాబట్టి టీకాలు ఆలస్యం చేయకూడదు.

డిశ్చార్జి కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో భద్రపరచి, దాని ఫొటోను అమ్మానాన్నలిద్దరి ఫోన్లలో ఉంచుకోండి. పెద్దయ్యాక ఈ పిల్లలకు అపెండిక్స్ వాపు వస్తే నొప్పి అందరిలా కుడివైపు కింద రాకపోవచ్చు, ఎందుకంటే వారి అపెండిక్స్ వేరే చోట ఉంటుంది. కడుపునొప్పితో ఏ ఆస్పత్రికి వెళ్లినా, చెయ్యి వేసి చూడకముందే ఆ కాగితాన్ని డాక్టరు ముందుంచండి.